భుజం తట్టే చీటీలు

ఆ ఆదివారం పొద్దున్నించి మా ఇంట్లో ముగ్గురం ఒకరి కంటపడకుండా ఒకరం తిరుగుతున్నాం. ఉన్నదేమో మూడు గదుల ఇల్లు. బయట ఎడతెగని జూన్ వాన. సముద్రం బాగాలేక పడవలన్నీ రేవులోనే కట్టేసి ఉన్నాయి కాబట్టి మా ఆయనకి పారిపోయే దారి కూడా లేదు.

నాన్నల పండుగ అది. బళ్ళో పిల్లలందరి చేతా కాగితం మడిపించి నెక్‌టైలు చేయించారు. ఈ తోసా తీరంలో ఏ జాలరి మెడకి టై కడతాడో ఆ టీచరమ్మకే తెలియాలి. మా అమ్మాయి హొనామి అది కూడా చెయ్యలేదు. కడుపునొప్పి అని చెప్పి బల్ల మీద తల పెట్టుకు పడుకుందట. ఎనిమిదేళ్ళ పిల్ల, ఇప్పుడు గడపలో కూర్చుని గోడ గడియారం కేసి చూస్తోంది. ఆ చూపు దేనికో నాకు తెలుసు. మా ఆయనకీ తెలుసు. తెలిసే, పొద్దున్నించి తన గాలాల పెట్టె తీసి నాలుగుసార్లు తుడిచాడు.

గొడవంతా కిందటేడు ఇదే పండక్కి అది చేసిచ్చిన చీటీల వల్ల వచ్చింది. పిల్లలు తండ్రికి భుజం తట్టే చీటీలు చేసివ్వడం మాకు కొత్త కాదు. చిన్నప్పుడు నేనూ మా నాన్నకి చేశాను. ఆయన చీటీ ఇస్తే నేను వెనక కూర్చుని పిడికిళ్ళతో భుజాలు తట్టేదాన్ని, ఆయన కళ్ళు మూసుకునేవాడు. నేనైతే క్యాలెండరు కాగితం చింపి నాలుగు ముక్కలు రాసిచ్చాను, అంతే. మా పిల్ల అలా కాదు. పని మొదలెట్టిందంటే దాని అంతు చూడాల్సిందే. దళసరి డ్రాయింగ్ కాగితం మీద పది చీటీలు గీసింది. బంగాళదుంప చెక్కి, ఎర్ర రంగులో ముంచి, ఒక్కోదాని మీదా చేప ముద్ర వేసింది. చింపడానికి వీలుగా ఉండాలని నా కుట్టుమిషన్‌లో దారం తీసేసి, ఉత్త సూదితో చీటీకీ చీటీకీ మధ్య వరసగా చిల్లులు పొడిచింది. సూది మొండిబారింది. నేను తిట్టాను. వినలేదు. వెనకవైపు సూపర్ మార్కెట్ కూపన్ల మీద చూసిన నిబంధనలన్నీ ఎక్కించింది: ఒక చీటీకి వందసార్లు తట్టబడును. పేరు ఉన్నవారికి మాత్రమే. ఇతరులకు ఇచ్చినచో చెల్లదు. గడువు వచ్చే నాన్నల పండుగ వరకు.

ఆ వచ్చే పండుగ ఇవాళే. పదిలో ఒక్క చీటీ కూడా చిరగలేదు.

మొదట్లో అది మా ఆయన పీనాసితనమే. "ఇంత ముద్దుగా చేస్తే చింపడానికి చేతులెలా వస్తాయే?" అని ఆ కట్టని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మా అత్తగారి ఫోటో పెట్టిన అలమారలో అగరొత్తుల పక్కన దాచాడు. వేట నుంచి వచ్చినప్పుడల్లా తీసి చూసుకుని మళ్ళీ పెట్టేసేవాడు. పిల్ల "వాడుకో నాన్నా" అంటే, "వాడితే అయిపోతాయిగా, ఉండనీ" అనేవాడు. నేనూ నవ్వుకునేదాన్ని. మార్చిలో ఆ నవ్వు పోయింది.

మా ఊరి పడవలు కత్సువో చేపని వలతో పట్టవు, గాలం కర్రతో పడతాయి. గుంపు తగిలిందంటే మగవాళ్ళంతా పడవ అంచున వరసగా నిలబడి, నాలుగైదు కిలోల చేపని ఒక్కొక్కటే నీళ్ళలోంచి లాగి, తల మీదుగా వెనక్కి విసరాలి. గాలానికి ముల్లు ఉండదు. చేప గాలిలోనే ఊడి పడవలో పడుతుంది, గాలం మళ్ళీ నీళ్ళలోకి వెళుతుంది. అందరిలోకీ మొనగాడు పడవ ముక్కు దగ్గర నిలబడతాడు. కుర్రవాళ్ళూ చేతకానివాళ్ళూ వెనక కొసన నిలబడతారు. మా ఆయన షింగో పదకొండేళ్ళుగా ముక్కు దగ్గరే. రేవులో నేను నడుస్తుంటే ముసలమ్మలు పక్కకి జరిగి దారిచ్చేది ఆ చోటుని చూసే, నన్ను చూసి కాదు.

మార్చిలో మొదటి వేటలో ఆయన కుడి భుజంలో ఏదో పుటుక్కుమంది. అప్పట్నించీ చొక్కా తొడుక్కోవాలంటే నేను చెయ్యి దూర్చాలి. చాప్‌స్టిక్స్ జారిపోతాయి. డాక్టరు దగ్గరికి పదండంటే, "డాక్టరు ముందు కట్టు కడతాడు, తర్వాత ఊరంతా చూస్తుంది" అన్నాడు. "అక్టోబరులో వేట ముగిసేదాకా నోరు మెదపకు. సరంగు గారి చెవిన పడిందంటే నన్ను ముక్కు మీంచి దింపేస్తాడు. చిన్నదానికి అసలే తెలియకూడదు."

అదీ నిజమే. సరంగు ఇవావో గారి మనవరాలు రికా, మా హొనామి బళ్ళో పక్కపక్కన కూర్చుంటారు. మా పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. ఒకసారి నేను మా ఆడపడుచు వంట గురించి ఇంట్లో అన్న మాట, మధ్యాహ్నానికల్లా మా ఆడపడుచే నాకు అప్పజెప్పింది.

అలా నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఆ భుజం మీద పిల్ల పిడికిలి పడితే ఈయన అరుస్తాడు, అరిస్తే గుట్టు బయటపడుతుంది. తట్టించుకోకపోతే పిల్ల మనసు విరిగిపోతుంది. అది కిందటి వారమే తేల్చి చెప్పింది. "రికా వాళ్ళ నాన్న నెలలో పదీ వాడేసి ఇంకో పది చేయించుకున్నాడు. మా నాన్నకి నావి నచ్చలేదు. ఆదివారం దాకా చూస్తా. ఒక్కటైనా వాడకపోతే ఇంకెప్పుడూ నాన్నకి ఏమీ చెయ్యను."

చిన్నపిల్ల మాటేలే అనుకోవడానికి లేదు. నాలుగేళ్ళప్పుడు వంకాయ తిననని చెప్పింది, ఈ రోజుకీ తినదు.

పదకొండు గంటలప్పుడు అది లేచి వెళ్ళి తండ్రి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, చీటీలకి ఇవాళే ఆఖరు."

"ఊఁ. గడువు కొంచెం పొడిగించకూడదూ?"

"సూపర్ మార్కెట్ వాళ్ళు పొడిగిస్తారా?"

"మంచిగా అడిగితే..."

"పొడిగించరు. అమ్మ సబ్బు కూపన్ పట్టుకెళ్తే ఒక్కరోజు దాటిందని వెనక్కి పంపేశారు. అమ్మ వాళ్ళతో పోట్లాడింది కూడా. అయినా ఇవ్వలేదు."

"నన్నెందుకు లాగుతావే మధ్యలోకి?" అన్నాను వంటింట్లోంచి.

"సాయంత్రం చూద్దాంలే" అన్నాడు షింగో, అప్పటికే తళతళలాడుతున్న గాలాన్ని అయిదోసారి తుడుస్తూ. పిల్ల మళ్ళీ వెళ్ళి గడపలో కూర్చుంది. అది ఏదైనా అని ఉంటే బాగుండేది.

ఆయన వంటింట్లోకి వచ్చి నా చెవిలో గుసగుసలాడాడు. "ఎడమ భుజం ఒక్కటే తట్టమంటే?"

"కుడిది ఏం పాపం చేసిందని అడిగితే?"

"నువ్వే ఏదో ఒకటి చెప్పు."

"మూడు నెలల్నించి నేనే చెబుతున్నాను. వాన పడుతోంది, నాన్నకి నిద్రొస్తోంది, నాన్నకి జలుబు... ఇంక నా దగ్గర అబద్ధాలు లేవు, మీరే కొత్తవి చేసుకోండి" అన్నాను. నిజంగానే ఒళ్ళు మండింది. ముల్లంగి తరుగుతుంటే వేలు తెగింది. ఇల్లంతా ముగ్గురం కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతున్నాం.

మూడింటికి వీధి తలుపు జరిగిన చప్పుడు. "షింగో! ఉన్నావట్రా?" సరంగు ఇవావో గారి గొంతు. డెబ్బై ఒక్క ఏళ్ళొచ్చినా ఆ గొంతు ఇంజను చప్పుడు దాటి వినపడుతుంది. వాన కోటు కింద సారా సీసా పెట్టుకొచ్చాడు.

మా ఆయన భుజం మీద మందు పట్టీ ఉంది, దాని ఘాటు గది అంతా కొడుతోంది. ఆయన్ని వెనక గదిలోకి లాగి, చొక్కాలో చెయ్యి పెట్టి, ఒక్క గుంజు గుంజాను. పట్టీతో పాటు వెంట్రుకలు కూడా వచ్చాయి. ఆయన కేక మింగేశాడు. కిటికీ తెరిచి, వంటింట్లో వెల్లుల్లి దంచి, గడ్డిమంట మీద కాల్చిన కత్సువో ముక్కల మీద దండిగా చల్లి తెచ్చి పెట్టాను. ఆ వాసన ముందు ఏ మందూ నిలవదు.

"అమ్మాయ్ కజుయో, వెల్లుల్లి ఇవాళ ఊరందరికీ సరిపడా వేశావే" అన్నాడు సరంగు.

"వాన కదండీ, ఒంటికి మంచిది."

గిన్నె ఇచ్చి పుచ్చుకోవడం మొదలైంది. ఆయన తాగి గిన్నె ఇస్తే ఈయన తాగి అదే గిన్నె తిరిగి ఇవ్వాలి. నేను సీసాని ఈయన ఎడమ పక్కన పెట్టాను. రెండు రౌండ్లు అయ్యాయి. వేట మాటలు, కిందటి వారం చేప ధర, పొరుగూరి పడవ వాళ్ళ మీద తిట్లు. గండం గడిచిందనుకున్నాను.

"ఏవే హొనామీ" అన్నాడు సరంగు, "మీ నాన్నకేం చేశావు పండక్కి? మా రికా టై చేసింది. మా వాడు దాన్ని మెడకి కట్టుకుని పొద్దున్నించి వీధులన్నీ తిరుగుతున్నాడు, వెర్రినాగన్న. వానకి రంగు దిగి మెడంతా నీలం."

"నేనేం చెయ్యలేదు తాతా. కిందటేడు చేసినవే నాన్న వాడలేదు."

అంటూనే అలమార దగ్గరికి వెళ్ళి, నానమ్మ ఫోటోకి దణ్ణం పెట్టి, చీటీల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. సరంగు కళ్ళద్దాలు పెట్టుకుని ముందూ వెనకా అంతా పైకి చదివాడు. చదువుతున్నంతసేపూ నవ్వు.

మా ఆయన అప్పుడు చేశాడు తెలివితక్కువ పని. "సరంగు గారూ, మీ భుజాలే బాగా బిగిసి ఉంటాయి. ఒక చీటీ మీరు వాడుకోండి" అన్నాడు.

"చెల్లదు" అంది పిల్ల. "ఇతరులకి ఇస్తే చెల్లదని రాసుంది."

"రాసుంది, నేనూ చదివాను" అన్నాడు సరంగు తొడ చరిచి. "పిల్ల ఏడాది నుంచి ఎదురు చూస్తుంటే నాకిస్తానంటావట్రా! చింపు చీటీ. వీపు తిప్పు. నేను లెక్కపెడతాను."

షింగో నా వంక చూశాడు. నేనేం చెయ్యను? తేనీళ్ళు పెడతానని లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. ఆయన ఎడమ చేత్తో చీటీ చింపాడు. చిల్లుల వెంట చక్కగా, చప్పుడు లేకుండా చిరిగింది. పిల్ల మొహం ఒక్కసారి వెలిగింది. ఆ మొహం చూసి నాకు ఇంకా భయం వేసింది.

అది వెనక మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు నలుపుకుని, రెండు పిడికిళ్ళతో రెండు భుజాల మీదా మొదలుపెట్టింది. టన్, టొన్, టన్, టొన్.

"ఒకటి, రెండు, మూడు..." సరంగు గట్టిగా లెక్కపెడుతున్నాడు.

షింగో నవ్వుతున్నాడు. మూతి మాత్రమే నవ్వుతోంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను. తట్టు పడ్డప్పుడల్లా ఆయన కాలి వేళ్ళు చాపలోకి ముడుచుకుపోతున్నాయి. పది. పదిహేను. మెడ మీద చెమట పట్టింది. పిల్లకేమో పట్టరాని సంబరం, ఏడాది అంతటి బలం ఇవాళే పెడుతోంది. ఇరవై. "బాగా కొట్టవే, మీ నాన్నది రాతి భుజం" అన్నాడు సరంగు. ఆపండి అని నా గొంతు దాకా వచ్చింది. పదకొండేళ్ళ చోటు గుర్తొచ్చి మింగేశాను. అలా మింగినందుకు నన్ను నేను ఈ రోజుకీ క్షమించుకోలేదు.

ముప్ఫై ఒకటి దగ్గర పిల్ల చేతులు ఆగిపోయాయి.

దాని కుడి పిడికిలి తండ్రి భుజం మీద అలాగే ఉంది. నెమ్మదిగా వేళ్ళు విప్పి, అరచెయ్యి ఆనించింది. తల పక్కకి వంచి ఆయన చెంప చూసింది, చాప మీద ముడుచుకున్న కాలి వేళ్ళు చూసింది. తర్వాత ఆయన తల మీదుగా నన్ను చూసింది. నా మొహంలో అంతా రాసే ఉండాలి, నాకు దాచడం రాదు.

అయిపోయింది, ఇప్పుడు అరుస్తుంది అనుకున్నాను. 'నాన్నా నీకు నొప్పా?' అంటుంది, దాంతో అంతా అయిపోతుంది.

"తాతా, నా చేతులు నొప్పెడుతున్నాయి" అంది హొనామి. "మొన్న బళ్ళో ఇనుప కడ్డీకి వేలాడాం కదా. అరచేతులు మండుతున్నాయి. మిగతావి రేపు కొడతా."

"ముప్ఫైకేనా! ఈ కాలం పిల్లలకి ఓపికే లేదు" అన్నాడు సరంగు. "మా రికా కూడా అంతే, కడ్డీకి వేలాడి వచ్చి చేతులు ఊదుకుంటోంది" అని గిన్నె నింపి షింగో ముందుకి జరిపాడు.

గండం గడిచింది. నిజంగానే గడిచింది. కానీ ఆ కడ్డీ మాట అబద్ధం. మొన్న జలుబు చేసిందని దాన్ని కడ్డీ ఎక్కించవద్దని టీచరుకి చీటీ రాసిచ్చింది నేనే. ఆ చీటీ మా ఆయన చేతే పంపాను. కడుపులో మాట దాగదని మేమిద్దరం మూడు నెలలుగా ఏ పిల్లని చూసి జడుసుకున్నామో, ఆ పిల్ల కన్ను ఆర్పకుండా తండ్రి కోసం అబద్ధం ఆడింది. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. నాకు సిగ్గు వేసింది.

షింగో గిన్నె ముట్టుకోలేదు.

"సరంగు గారూ" అన్నాడు. "ఇది మొన్న కడ్డీ ఎక్కలేదు. జలుబు చేసి గట్టున కూర్చుంది."

"అయితే ఏంట్రా?"

"నా కోసం అబద్ధమాడింది. నా కుడి భుజం పోయింది. మార్చిలో తెగింది."

సరంగు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మార్చిలో. మూడు నెలలు తెగిన భుజంతో నా పడవ ముక్కు మీద నిలబడ్డావు."

"అవునండీ."

"నీ పక్కన నిలబడేది ఎవడు?"

"మీ అబ్బాయి."

"మే నెలలో వాడి దవడ పగిలింది. అల కొట్టి చేప వచ్చి తగిలిందన్నావు."

ఈ సంగతి నాకూ తెలియదు. షింగో తల వంచుకున్నాడు. "అల కాదండీ. చెయ్యి సగంలో ఆగిపోయింది. నా చేపే వెళ్ళి తగిలింది."

ముసలాయన అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే నేనూ ఏదో ఒకటి అరిచేదాన్ని. ఆయన తన గిన్నె తీసుకుని బల్ల మీద బోర్లించాడు. "అంగుళం పైకి తగిలితే వాడి కన్ను పోయేది" అన్నాడు నెమ్మదిగా. "వాడూ ఒక పిల్లకి తండ్రే కదరా." లేచి, గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. నేను వెళ్ళి సాయం చెయ్యబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

"రేపు పెద్దాసుపత్రికి వెళ్ళు. నయమయ్యాక వస్తానంటే రా, వెనక కొసన చోటుంటుంది. ముక్కు మీద ఇంక నువ్వు నిలబడవు." తలుపు జరిపి, మళ్ళీ వెనక్కి తిరిగి, "చెప్పావు కాబట్టి వెనక కొసైనా" అని వానలోకి వెళ్ళిపోయాడు.

నేను గిన్నెలు తీశాను. తీసి మళ్ళీ అక్కడే పెట్టాను. పదకొండేళ్ళు పోయాయి, రేపు రేవులో ముసలమ్మలు నాకు దారివ్వరు అని ఆలోచన వచ్చింది. వచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

హొనామి ఉన్నట్టుండి తండ్రి మీద విరుచుకుపడింది. "నేను అబద్ధం చెప్పానుగా! తాత నమ్మాడుగా! నువ్వెందుకు చెప్పేశావు?"

"నువ్వు అబద్ధం చెప్పావు కాబట్టే చెప్పాను" అన్నాడు షింగో.

"నేను కొట్టినప్పుడల్లా నొప్పేసిందా?"

ఆయన అబద్ధం చెప్తాడనుకున్నాను. "వేసింది" అన్నాడు.

"మరి నాతో చెప్పచ్చుగా! నొప్పని చెప్తే నేను వాడమని గొడవ చేస్తానా? నీకు నచ్చలేదనుకున్నా. అందరూ టైలు చేస్తుంటే నేను బల్ల మీద పడుకున్నా. పడవలో చోటు పోతుందనే చెప్పలేదా?"

"నువ్వు రికాతో అంటావని, అది తాతకి చెప్తుందని, అమ్మా నేనూ..." అంటూ ఆగిపోయాడు. ఆ మాట ఎంత నీచంగా ఉందో అప్పుడు వినపడ్డట్టుంది ఆయనకి. బల్ల మీద మిగిలిన తొమ్మిది చీటీలనీ ఎడమ చేత్తో దగ్గరికి లాక్కున్నాడు.

"అదొక్కటే కాదే" అన్నాడు. "నాన్నకి భుజం పోయింది, తట్టకూడదు అని తెలిస్తే, వచ్చే ఏడాది నుంచి నువ్వు ఇవి చెయ్యడం మానేస్తావేమోనని."

అని ఏడ్చాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు, వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా. భుజాలు రెండూ కదులుతున్నాయి, కుడిది కదిలినప్పుడల్లా నొప్పికి మూలుగుతున్నాడు, అయినా ఆపుకోలేకపోతున్నాడు. పిల్ల రెండు చేతులూ చాపి దగ్గరికి వెళ్ళి, తగిలితే నొప్పేస్తుందేమోనని అక్కడే ఆగిపోయింది. ఎక్కడ పట్టుకోవాలి అన్నట్టు నా వంక చూసింది.